చిట్టెమ్మ కాగితం వెనకవైపు

విజయవాడ వెళ్ళొచ్చానని తెలిసిన వాళ్ళంతా "దర్శనం బాగా అయిందా?" అని అడుగుతున్నారు. కొండ ఎక్కలేదని చెబితే ఇంకక్కడ ఏం పని అన్నట్టు చూస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. నేను వెళ్ళింది ఒక ఆట ఆడటానికి. నలభై ఆరేళ్ళ లెక్కల లెక్చరర్ని, హనుమకొండలో కాలేజీకి సెలవు పెట్టి మరీ వెళ్ళాను. వెళ్ళి ఒక నేరం చేశాను. ఆ నేరానికి నాకు పడిన శిక్ష ముద్దపప్పు, దోసావకాయ, నెయ్యి.

ఆట సంగతి తెలియని వాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మీరొక సొరంగంలో ఉన్నారు, ఎదురుగా తలుపుంది, తలుపు వెనక ఎవరో దగ్గుతున్నారు అని చెబుతారు. మిగతావాళ్ళది తలా ఒక పాత్ర. ఆ పాత్ర బలమెంత, ప్రాణమెంత, చేతిలో ఏముంది అన్నదంతా ఒక కాగితం మీద రాసి ఉంటుంది. ఏం చేస్తారో నోటితో చెప్పాలి. అది జరుగుతుందో లేదో తేలని చోట పాచికలు వేస్తారు. పాత్ర బతికున్నంత కాలం ఆట సాగుతుంది, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి.

మా ఇంట్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఈ ఆట నడిపేది నేనే. నా ఆటలో తలుపు వెనక దగ్గేది ఎప్పుడూ రాక్షసుడే. వాడు కనపడగానే యుద్ధం మొదలవుతుంది. ఒక్కో యుద్ధం రెండున్నర గంటలు పడుతుంది. కూడికలు, తీసివేతలు, గళ్ళ కాగితం మీద బొమ్మలు జరపడాలు. నాకు బాగానే ఉండేది. పోయిన నెలలో మా పక్కింటి పద్మ పాచికలు బల్ల మీద పెట్టేసి, "అక్కా, వారమంతా బ్యాంకుల లెక్కలే. ఆదివారం నీ ఇంట్ల గూడ లెక్కలేనా? నువ్వు విజయవాడకు పోయొచ్చినంక ఇంకొక్క ఆదివారం వస్త. మళ్ళ నన్ను పిలువకు," అంది. ఆమె మానేస్తే మా కాలేజీ లైబ్రరీలో పనిచేసే తిరుపతి కూడా మానేస్తాడు. ఉండేదే ఆ ఇద్దరు. నేను ఒక్కదాన్నే ఉండే ఇల్లు మాది. వారంలో ఆ ఇంట్లో నా గొంతు కాక ఇంకో గొంతు వినపడేది ఆ మూడు గంటలే. పద్మ అన్న మాటకు నాకు కోపం వచ్చింది. ఆ కోపం కింద ఉన్నది భయమేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఈ ఆట ఆడేవాళ్ళ ఇంటర్నెట్ గుంపు ఒకటుంది. అందులో పామర్రు నుంచి ఒక పెద్దాయన రాస్తుంటారు. ఈ ఆట కొత్తగా పుట్టిన రోజుల్లో యుద్ధం ఆఖరి దారి అనీ, ముందు మాట, తర్వాత బేరం, కుదరకపోతే పరుగు, అదీ కుదరకపోతేనే కత్తి అనీ ఆయన వాదన. రెండు నెలలు ఆయనతో వాదించాను. చివరికి, "ఒకసారి వచ్చి ఆడండమ్మా. ఆ తర్వాత తిట్టండి," అని రాశారు. వెళ్ళాను.

విజయవాడ, పునుగుల బండి

ఆగస్టులో విజయవాడ ఉక్క గురించి చాలామంది రాశారు, నేను కొత్తగా కలిపేదేమీ లేదు. ఉదయం తిన్న నేతి ఇడ్లీ గురించి మాత్రం చెప్పాలి. రెండు ఇడ్లీలు యాభై రూపాయలంటే మొదట ముఖం చిట్లించాను. మా దగ్గర ఆ డబ్బుకు కడుపు నిండుతుంది. తిన్నాక ఇంకో ప్లేటు చెప్పాను. వడ్డించేవాడు, "కారప్పొడి కాస్త చూసి కలుపుకోండి మేడం," అన్నాడు. వరంగల్ మనిషికి కారం గురించి చెబుతున్నాడే అనుకుని పెద్ద ముద్ద కలిపాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అతను మజ్జిగ గ్లాసు తెచ్చి పెట్టాడు.

సాయంత్రం బ్యారేజీ వైపు నడుస్తూ ఒక పునుగుల బండి దగ్గర ఆగాను. నా చేతిలో కోడిగుడ్ల అట్ట ఉంది. అందులో గుంటకొకటి చొప్పున నా యుద్ధపు బొమ్మలున్నాయి. లాడ్జి గదిలో పెట్టడానికి మనసొప్పక వెంట తిప్పుతున్నాను. బండి నడిపే ఆవిడ మూత తీయించి చూసింది.

"ఇయ్యెంతకిస్తున్నారండీ?"

"అమ్మేవి కాదమ్మా. ఆటకు."

"ఆటంటే? గెలిస్తే ఏవిస్తారండీ?"

"ఏమీ ఇవ్వరు."

"మరెందుకండీ అంత దూరం నించి?" అని నూనెలో పునుగులు తిప్పుతూ కాసేపు ఆలోచించి, "పోన్లెండి, అందరితో కూచుని ఆడేదేగా, మంచిదే," అంది. ఆమె కన్ను మాత్రం బల్లెం పట్టిన కాపలావాడి బొమ్మ మీదే ఉంది. మనవరాలి బొమ్మల కొలువులో ద్వారం దగ్గర నిలబెడితే బాగుంటుందట. ఇచ్చేశాను. ఎందుకిచ్చానో తెలియదు, అంత ధారాళంగా ఇచ్చే మనిషిని కాను. రెండో ప్లేటు పునుగులకు ఆమె డబ్బు ముట్టలేదు. అల్లం పచ్చడి మాత్రం మళ్ళీ మళ్ళీ వేసింది.

బందరు కాలువ వెంట

మర్నాడు బస్సు కాలువ వెంటే సాగింది. కాలువలు నిండుగా ఉన్నాయి, ఎటు చూసినా నాట్లు. నీళ్ళు కావాలంటే బోరు వేసుకునే ప్రాంతం నుంచి వచ్చినదాన్ని నేను. ఇంత నీరు రోడ్డు పక్కనే ఊరికే నడుస్తుంటే కాస్త కుళ్ళుకున్నాను కూడా. ఆ చల్లగాలికి నిద్ర పట్టేసి పామర్రు దాటిపోయాను. "లేపమని ఒక మాట చెప్పొచ్చు గదండీ!" అని కండక్టరు నన్నే కోప్పడ్డాడు. కోప్పడుతూనే ఎదురుగా వస్తున్న బస్సును ఆపించి ఎక్కించాడు. ఆ బస్సు కండక్టరు, "ఒక్క స్టాపుకి టికెట్టేవిటండీ, నిలబడండి," అన్నాడు. పేర్లు అడగనందుకు ఇప్పుడు బాధగా ఉంది. ఇద్దరికీ ఇక్కడి నుంచే దండం పెడుతున్నాను.

పామర్రు

గుంపులో రాసే ఆ పెద్దాయన, ఇమ్మానుయేలు మాస్టారు, హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. వాళ్ళ వరండాలో పాత తలుపు రెక్కకు నాలుగు కాళ్ళు బిగించి చేసిన బల్ల మీద ఆట. ముప్పై ఏళ్ళ పైబడి అక్కడే ఆడుతున్నారు. ఓడలో వంట చేసే ఆయన బావమరిది ఏదో రేవులో కొని తెచ్చిన పెట్టెతో మొదలైందట. ఆ పెట్టెలో వచ్చిన పాచికల మీద అంకెలకు రంగు ఉండదు, గుంటల్లో మైనపు పెన్సిలు రుద్దుకోవాలి. అవే పాచికలు ఇంకా ఉన్నాయి. మూలలు అరిగి గులకరాళ్ళలా గుండ్రంగా అయ్యాయి.

ఆయన కాక బల్ల దగ్గర ఇద్దరున్నారు. ఎరువుల కొట్టు నడిపే కోటేశ్వరరావు గారు, పళ్ళ డాక్టరు శిరీష. నాలుగో మనిషి సరోజినమ్మ గారు కూచిపూడిలో ఉంటారు. మోకాలి ఆపరేషన్ అయ్యి రెండు నెలలుగా రావడం లేదు. ఆమె నాకోసం తన పాత్ర కాగితాన్ని కోటేశ్వరరావు గారితో పంపారు. పాత్ర పేరు చిట్టెమ్మ. వీరవనిత. ముప్పై ఏళ్ళుగా బతికున్న పాత్ర.

"దూరం నించి వచ్చే అమ్మాయికి కొత్త పాత్రెందుకు, చిట్టెమ్మనివ్వండి అన్నారండీ," అని కోటేశ్వరరావు గారు ఆ కాగితాన్ని రెండు చేతులతో ఇచ్చారు.

అంకెలన్నీ గబగబా చూసుకున్నాను. బలం పదిహేను, మంచి కవచం, మంచి కత్తి. ప్రాణం మాత్రం పదకొండే. పోయిన ఆటలో పడ్డ దెబ్బ ఇంకా మానలేదట.

మొదలుపెట్టే ముందు మాస్టారు రెండు కట్టుబాట్లు చెప్పారు. "ఎవరు ఎదురైనా ముందు పలకరింపేనండి. మీరొక మాటంటారు, నేను రెండు పాచికలేస్తాను. బాగా ఎక్కువ పడితే స్నేహం, బాగా తక్కువ పడితే తగువు, మధ్యలో పడితే ఇంకా మాట్లాడాలి. ఇది నేను పెట్టింది కాదు, పాత నియమాల పుస్తకంలోదే. రెండోది మా బల్లది. నోటితో అన్నాక జరిగినట్టే. వెనక్కి తీసుకోడం లేదండి."

ఆ పూటంతా ఒక్క కత్తి కూడా బయటికి రాలేదు. మాస్టారి కథలో పాతాళం కూడా కృష్ణా డెల్టాలాగే ఉంటుంది, అన్నీ కాలువలు, లాకులు, తూములు. దారి తప్పితే కప్పముఖం ముసలి దంపతులను అడిగాం. వాళ్ళు దారి చెప్పడానికి ముందు వాళ్ళ పొలం తగాదా మొత్తం విన్నాం. అడవిపందులు తరిమితే శిరీష అన్నం మూట వెనక్కి విసిరింది, అవి దానిమీద పడ్డాయి, మేం తప్పించుకున్నాం. పైగా మాస్టారి ఆటలో పాత్ర ఎదిగేది ఎన్నిటిని చంపిందన్న దాన్ని బట్టి కాదు, దాగిన నిధిని క్షేమంగా బయటికి తెచ్చినప్పుడే ఎక్కువ ఎదుగుతుంది. అలాంటప్పుడు తగువు పెట్టుకోవడం దండగే కదా. ఇది నేను గుంపులో రెండు నెలలు ఒప్పుకోని సంగతి. వరండాలో రెండు గంటల్లో సగం ఒప్పుకున్నాను.

మిగతా సగం నా మొండితనం. మధ్యాహ్నం కొరమీను పులుసుతో భోజనం అయ్యింది. మాస్టారి భార్య కొసరి కొసరి పెట్టారు. తిన్నాక అందరూ బద్ధకంగా ఉన్నారు. నాకు మాత్రం చేతులు దురద పెడుతున్నాయి. ఇంత మంచి కత్తి పెట్టుకుని పొద్దుటి నుంచి కబుర్లేనా అనిపించింది.

"పెద్ద లాకు దగ్గరికి వచ్చారు," అన్నారు మాస్టారు. "నీళ్ళు కదిలాయి. ఎద్దుబండంత ఎండ్రకాయ పైకి లేచింది. చిట్టెమ్మ వైపు చూసింది. కత్తెరలాంటి పెద్ద డెక్క పైకెత్తింది."

"కత్తి దూసి నరుకుతున్నాను," అన్నాను.

శిరీష తలెత్తింది. కోటేశ్వరరావు గారు, "అమ్మా, ఒక్క నిమిషం ఆగండి," అన్నారు.

"నా పాత్ర, నా ఇష్టం కదండీ," అన్నాను. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. నాది కాని పాత్రను పట్టుకుని అన్నాను ఆ మాట.

మాస్టారు ఒక్క క్షణం నా వైపు చూసి పాచికలు తీశారు. నా దెబ్బ తగిలింది. ఎండ్రకాయ తిరిగి కొట్టింది. బల్ల మీద రెండు ఆర్లు పడ్డాయి. పన్నెండు. చిట్టెమ్మకున్న ప్రాణం పదకొండు.

పాత నియమాల్లో ప్రాణం సున్నా అయితే చావే, మందూ మాకూ లేవు. "పోయిందండీ," అన్నారు మాస్టారు మెల్లగా. ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "మీరేం అనుకోకండి. సరోజినమ్మ గారికి నేను ఫోన్ చేస్తాను."

ఆయన చెయ్యనక్కర్లేదని, నేనే వెళ్తానని చెప్పాను. ఆ ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. మా దగ్గరైతే నాలుగు తిట్టి, ఛాయ్ తాగించి, అక్కడికి మర్చిపోతారు. ఈ మర్యాద భరించడం చాలా కష్టం.

కూచిపూడి దారి

మర్నాడు పొద్దెక్కాక ఆటో ఎక్కాను. చిట్టెమ్మ కాగితం సంచిలోంచి తీసి, నలగకుండా ఉందా అని తిప్పి చూశాను. వెనకవైపు ఖాళీ లేదు. మూడు నాలుగు రంగుల సిరాలతో, సన్నటి రాత.

"కప్ప దంపతులు: పొలం సంగతి అడగాలి, లేకపోతే నొచ్చుకుంటారు. మూడో తూము కాపలావాడు: చెవుడు, గట్టిగా మాట్లాడాలి. ఎండ్రయ్య, పెద్ద లాకు: ఒంటరివాడు. నమస్కారం నేర్పాను. డెక్క ఎత్తాడంటే దండం పెడుతున్నాడని. మనమూ పెట్టాలి."

ఇన్నేళ్ళుగా పిల్లలకు పేపరు ఇచ్చిన ప్రతిసారీ, వెనకవైపు కూడా ప్రశ్నలున్నాయి, తిప్పి చూడండి అని చెబుతాను. నేను చూసింది ముందువైపు అంకెలే. ఆటో గతుకుల్లో ఎగురుతుంటే కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. డ్రైవరు అద్దంలో చూసి బండి నెమ్మది చేశాడు. దిగేటప్పుడు, "అంతా సర్దుకుంటదిలెండి," అన్నాడు. ఏమిటని అడగలేదు.

కూచిపూడి, కుట్టుమిషను గది

సరోజినమ్మ గారు నాట్యం చేసే పిల్లలకు దుస్తులు కుడతారు. నాట్యానికి నడుం ముందు కట్టుకునే, కుచ్చిళ్ళు పెట్టిన పట్టు విసనకర్రలు గదినిండా తాళ్ళకు వేలాడుతున్నాయి. పక్క ఇంట్లో ఎవరో తాళం వేస్తూ పిల్లలకు నాట్యం చెబుతున్నారు. ఆవిడ మంచం మీద కాలు చాపుకుని కూర్చుని, ఒళ్ళో గుడ్డకు జరీ అంచు వేస్తున్నారు. నన్ను చూడగానే సూది పక్కన గుచ్చారు.

"రామ్మా. అన్నం తిన్నావా?"

"లేదండీ. మీకొక మాట చెప్పాలి, ముందు..."

"ముందు తిను. మాటెక్కడికీ పోదు." అని కోడలిని కేకేశారు. ముద్దపప్పు, దోసావకాయ, గిన్నెడు నెయ్యి వచ్చాయి. గొంతు దిగదనుకున్నాను, దిగింది. ఆకలితో ఉన్నానని అప్పుడే తెలిసింది.

చెయ్యి కడుక్కుని వచ్చి అంతా చెప్పాను. ఆగమన్నా ఆగలేదని, వెనకవైపు చదవలేదని, నా పాత్ర నా ఇష్టం అన్నానని కూడా దాచలేదు. ఆవిడ కాగితం తీసుకుని బొటనవేలితో అంచు నిమిరారు. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"మా ఆయన చనిపోయిన ఏడాది మొదలెట్టానమ్మా దీన్ని. ఇల్లు కదలకుండా కూచుంటే మాస్టారి భార్యే లాక్కెళ్ళింది." తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆవిడ అడిగిన మాట నేను ఊహించలేదు. "ఎండ్రయ్య ఎలా ఉన్నాడు?"

"ఎండ్రకాయా?"

"వాడేనమ్మా. దండం పెడితే కత్తి దెబ్బ తగిలింది. నమస్కారం నేర్పిన మనిషిని వాడి చేత్తోనే చంపాడు. వాడికెవరున్నారు చెప్పుకోడానికి? ఎంత బెంగ పెట్టుకున్నాడో ఏవిటో. మాస్టారికి ఫోన్ కలుపు."

స్పీకరు పెట్టాం. ఆవిడ అక్కడికక్కడే కొత్త పాత్ర రాసుకున్నారు. చిట్టెమ్మ పినతల్లి కూతురు, చేతిలో ఆయుధం లేదు, ఒక టిఫిను క్యారియరు ఉంది. మాస్టారు అవతల నుంచి, "లాకు దగ్గర నీళ్ళు కదలడం లేదండి. చాలాసేపటికి రెండు కళ్ళు మాత్రం పైకొచ్చాయి. డెక్క ఎత్తలేదు," అన్నారు.

సరోజినమ్మ గారు ఫోను దగ్గరికి వంగి, ఏ మార్పూ లేని అదే గొంతుతో అన్నారు. "అన్నం తిన్నావా?"



"పాచికలు ఆ అమ్మాయిని వెయ్యమనండి," అన్నారు మాస్టారు. ఆవిడ బొత్తాల డబ్బాలోంచి రెండు పాచికలు తీసి నా చేతిలో పెట్టారు. ఐదు, నాలుగు పడ్డాయి.

"ఒడ్డుకు వచ్చాడండి," అన్నారు మాస్టారు. "క్యారియరు వైపు చూస్తున్నాడు."

వచ్చేటప్పుడు ఆవిడ చిట్టెమ్మ కాగితాన్ని నాకే ఇచ్చేశారు. వద్దన్నాను. "చచ్చిపోయిన కాగితం నాకెందుకమ్మా? నీ దగ్గరుంటే తిప్పి చూస్తావు," అన్నారు. కోపంతో అన్న మాట కాదది. ఇంత మంచితనానికి నేనేం చేశానో నాకు తెలియదు. బస్సులో విజయవాడ దాకా ఆ కాగితాన్ని సంచిలో పెట్టలేదు.

హనుమకొండ, ఆదివారం

పద్మ చెప్పినట్టే వచ్చింది, ఆఖరిసారి అన్న ముఖంతో. తిరుపతి కూడా వచ్చాడు. ఈసారి గళ్ళ కాగితం పరచలేదు. చిట్టెమ్మ కథ మొత్తం చెప్పాను, నా తప్పుతో సహా. ఇద్దరూ సరే మొదలుపెట్టమన్నారు.

"కోట తలుపు దగ్గర కాపలావాడు నిలబడ్డాడు. చేతిలో బల్లెముంది," అన్నాను. బొమ్మ పెట్టబోయి ఆగాను. అది విజయవాడలో ఎవరి మనవరాలి కొలువు కోసమో ఉండిపోయింది.

తిరుపతి అలవాటుగా పాచికలకు చెయ్యి చాచాడు. పద్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. బల్ల మీద ఖాళీగా ఉన్న చోటు వైపు కాసేపు చూసింది.

"ఏమన్న తిన్నవా?" అంది కాపలావాడితో.

నా కాగితం మీద వాడి బలం, కవచం, దెబ్బ అన్నీ రాసి ఉన్నాయి. తిన్నాడో లేదో రాసి లేదు. తిప్పి చూశాను. వెనకవైపు తెల్లగా ఉంది. రెండు పాచికలు వేశాను, పది పడింది.

"తినలే బిడ్డా," అన్నాను వాడి గొంతుతో. "పొద్దుగాల్ల నుంచి ఒక్కణ్ణే నిలబడ్డ. ఎవ్వలు గూడ అడగలే."

పద్మ కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది. "అక్కా, నేను గీ కాపలాయన పక్కన కూసుంటున్న," అంది. "వచ్చే ఆదివారం దాక ముచ్చట అయిపోకున్నా మంచిదే."